శ్రేణి, వల: తత్వశాస్త్రంలోని రెండు ఆలోచనా పద్ధతుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో తత్వశాస్త్రం పాఠాలు చెబుతున్నప్పుడు విద్యార్థులు అడిగిన ప్రశ్నలను, కడప, కర్నూలు మిత్రులతో జరిగిన చర్చల్లో మళ్ళీ మళ్ళీ తలెత్తిన సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి రెండు మూడు వాక్యాలు సరిపోయాయి, కొన్నింటికి చాలా రాయవలసి వచ్చింది. రెండవ, నాల్గవ ప్రశ్నలను మాత్రం దాటవేయవద్దని మనవి. తరువాతి సమాధానాలన్నీ వాటి మీద ఆధారపడి ఉన్నాయి.

1. శ్రేణీబద్ధ ఆలోచన అంటే ఏమిటి? వల తరహా ఆలోచన అంటే ఏమిటి?

ఏ విషయాన్ని అర్థం చేసుకోవాలన్నా అందులోని అంశాలకు మధ్య ఉన్న సంబంధాలను మనం ఏదో ఒక ఆకారంలో ఊహించుకుంటాం. ఒక అంశం పైన, దాని కింద కొన్ని, ఆ ఒక్కొక్కదాని కింద మరికొన్ని ఉన్నట్టు ఊహించుకుంటే అది శ్రేణి. రెవెన్యూ పాలన దీనికి తెలిసిన ఉదాహరణ: గ్రామం ఒక మండలంలో ఉంటుంది, మండలం ఒక డివిజన్‌లో ఉంటుంది, డివిజన్ ఒక జిల్లాలో ఉంటుంది. ఒకే గ్రామం ఏకకాలంలో రెండు మండలాల్లో ఉండదు.

పైన, కింద అనే మాటలే శ్రేణికి ప్రాణమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు లక్షణం వేరు. శ్రేణిలో ప్రతి అంశానికీ తన పైన ఒకే ఒక్క అంశం ఉంటుంది, కాబట్టి కింది నుంచి పైకి వెళ్ళే దారి ఒక్కటే ఉంటుంది. చెట్టులో ఏ ఆకు నుంచి బయలుదేరినా మొదలుకు చేరే దారి ఒక్కటే అయినట్టు. వలలో ఈ నియమం ఉండదు. ఒక ముడి నుంచి ఎన్ని పోగులైనా ఎటైనా పోవచ్చు, ఒక చోటికి పది దారుల్లో చేరవచ్చు. ఈ ఒక్క తేడాను గట్టిగా పట్టుకుంటే మిగిలిన చర్చ చాలావరకు తేలికపడుతుంది.

2. వంశవృక్షం చెట్టే కదా? అలాంటప్పుడు శ్రేణి ప్రకృతిలోనే ఉందని ఒప్పుకోవచ్చు కదా?

ఇళ్లలో రాసి దాచుకున్న వంశవృక్షంలో సాధారణంగా ముత్తాత, ఆయన కొడుకులు, వాళ్ల కొడుకులు ఉంటారు. చూడటానికి చక్కని చెట్టు. కానీ ప్రతి మనిషికీ తల్లి, తండ్రి ఇద్దరూ ఉంటారు. ఇద్దరినీ చూపిస్తే ప్రతి పేరు నుంచీ పైకి రెండు గీతలు పోవాలి, చెట్టు నియమం అక్కడే తప్పుతుంది. ఆ పటం చెట్టుగా కనిపిస్తున్నదంటే తల్లుల వైపు గీతలను వదిలివేయడం వల్లనే కనిపిస్తున్నది.

మన ప్రాంతంలో మేనరికాలు ఉన్న కుటుంబాలను తీసుకుంటే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మేనమామను పెళ్లి చేసుకున్న అమ్మాయికి అమ్మమ్మే అత్తగారవుతుంది, కన్నతల్లి ఆడబిడ్డ వరుస అవుతుంది. ఆమెకు పుట్టిన పిల్లలకు అమ్మమ్మే మేనత్త కూడా అవుతుంది. ఒకే మనిషి దగ్గరికి రెండు దారుల్లో చేరుకోవచ్చు, రెండు దారులూ నిజమైనవే. దీనిని చెట్టుగా గీయడానికి ప్రయత్నించిన నా విద్యార్థులు ఒకే పేరును రెండు చోట్ల రాయవలసి వచ్చింది. ఒక మనిషిని ఇద్దరుగా రాయవలసి రావడం ఆ పటం ఆ విషయానికి చాలడం లేదనడానికి గుర్తు.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఆ కుటుంబంలో ఎవరికీ గందరగోళం లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరిని ఏ పిలుపుతో పిలవాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వల అంటే క్రమం లేకపోవడమని భయపడేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి. వలకు కూడా నియమాలు ఉంటాయి, అవి శ్రేణి నియమాలు కావు, అంతే.

అందువల్ల నేను ఏ చెట్టు పటాన్ని చూసినా, ఇది చెట్టుగా నిలవడానికి ఏ గీతలను చెరిపారు అని అడుగుతాను. చెరపడం తప్పని నా భావం కాదు. గోత్రం తెలుసుకోవడానికి తండ్రి వైపు గీత ఒక్కటి చాలు. అవసరం కోసం పక్కన పెట్టిన గీతను, ఆ తరువాత అసలే లేదని నమ్మడం మొదలుపెట్టినప్పుడే పొరపాటు పుడుతుంది.

3. పాశ్చాత్య తత్వశాస్త్రంలో చెట్టు ఆలోచన ఎక్కడ మొదలైంది?

అరిస్టాటిల్ వస్తువులను జాతి, ఉపజాతి అనే క్రమంలో నిర్వచించాడు. క్రీస్తుశకం 3వ శతాబ్దానికి చెందిన పోర్ఫిరీ, అరిస్టాటిల్ పదార్థ విభజనకు, అంటే ఉన్నవాటన్నింటినీ మూల వర్గాలుగా విడదీసిన గ్రంథానికి, ఉపోద్ఘాతం రాస్తూ ఆ క్రమాన్ని మెట్లుగా వివరించాడు: ద్రవ్యం, అందులో శరీరం గలది, అందులో ప్రాణం గలది, అందులో ఇంద్రియజ్ఞానం గల జంతువు, అందులో వివేకం గల మనిషి. మధ్యయుగాల పండితులు దీనిని బొమ్మగా గీసి పోర్ఫిరీ వృక్షం అన్నారు. 1647లో డెకార్ట్ తన తత్వశాస్త్ర సూత్రాల గ్రంథం ఫ్రెంచి అనువాదానికి ముందుమాటగా రాసిన లేఖలో మొత్తం జ్ఞానాన్నే చెట్టుతో పోల్చాడు. అధిభౌతికశాస్త్రం వేళ్ళు, భౌతికశాస్త్రం మాను, వైద్యం, యంత్రశాస్త్రం, నీతిశాస్త్రం కొమ్మలు.

అరిస్టాటిల్ పేరు చెప్పి చెట్టును సమర్థించేవారు సాధారణంగా ఒక విషయాన్ని వదిలేస్తారు. ఉనికి అనేది ఒక జాతి కాదని ఆయనే వాదించాడు. అంటే ఆయన చెప్పిన పది పదార్థాలను తన కింద కలుపుకునే ఒకే శిఖరం లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక చెట్టు కాదు, ఒక తోపు.

4. మన దర్శనాల్లో శ్రేణీబద్ధ ఆలోచన ఉందా?

ఉంది, చాలా పదునుగా ఉంది. వైశేషికులు ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని పదార్థాలను విభజించారు. తరువాతివారు అభావాన్ని చేర్చి ఏడు చేశారు. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈ ఏడింటితోనే మొదలవుతుంది, సంస్కృత పాఠశాలల్లో తర్కం చదివేవారు ఈనాటికీ దానితోనే ప్రారంభిస్తారు. అందులో సామాన్యం, అంటే అనేక వస్తువుల్లో ఒకటిగా ఉండే లక్షణం, పరమనీ అపరమనీ రెండు విధాలు. ఎక్కువ వాటిలో ఉండేది పరం, తక్కువ వాటిలో ఉండేది అపరం. కుండలన్నింటిలో ఉండే ఘటత్వం కన్నా పృథివీత్వం పరం, దానికన్నా ద్రవ్యత్వం పరం, అన్నింటికన్నా పైన ఉన్నది సత్త, అంటే ఉనికి. అయితే ఆ సత్త కూడా ద్రవ్య, గుణ, కర్మలు మూడింటిలోనే ఉంటుందని వారు చెప్పారు. శిఖరాన్ని నిలబెట్టినవారే దాని హద్దునూ గీశారు.

ఈ నిర్మాణం నిలవాలంటే ఒక షరతు కావాలి. 10వ శతాబ్దపు చివరికి చెందిన తార్కికుడు ఉదయనుడు ఒక ధర్మాన్ని, అంటే లక్షణాన్ని, జాతిగా, అంటే నిజమైన సామాన్యంగా, ఒప్పుకోవడానికి అడ్డువచ్చే ఆరు బాధకాలను చెప్పాడు. వాటిలో సంకరం ఒకటి. రెండు ధర్మాలు కొన్ని చోట్ల కలిసి ఉండి, మరికొన్ని చోట్ల ఒకదాన్ని విడిచి ఒకటి ఉంటే, అవి నిజమైన జాతులు కాలేవని దీని అర్థం. దీనికి చెప్పే ఉదాహరణ భూతత్వం, మూర్తత్వం. పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం భూతాలు. పరిమితమైన పరిమాణం ఉన్న పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు మూర్తాలు. నాలుగింటిలో రెండు ధర్మాలూ కలిసే ఉన్నాయి. ఆకాశం భూతమే కానీ మూర్తం కాదు, మనస్సు మూర్తమే కానీ భూతం కాదు. ఒకటి మరొకదాని కింద ఇమడటం లేదు, పూర్తిగా విడిగానూ లేదు. కాబట్టి ఇవి జాతులు కావు, ఉపాధులు, అంటే జాతి కాని ఉమ్మడి లక్షణాలు, మాత్రమే అని నిర్ణయించారు.

ఈ చోటు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. చెట్టు నిలవాలంటే ఏది ఉండకూడదో ఇంత స్పష్టంగా చెప్పిన నిర్వచనం మరొకటి దొరకడం కష్టం. పైగా వారు ఒకదానిమీద ఒకటి పాకే ధర్మాలు లోకంలో లేవని అనలేదు. ఉన్నాయి, వాటితో మనం మాట్లాడుకుంటాం, వాటికి ఉపాధి అనే పేరు కూడా ఉంది, కానీ శ్రేణిలో వాటికి చోటు ఇవ్వలేమని అన్నారు. చెరిపిన గీతను చెరిపానని చెప్పి మరీ చెరపడం అంటే ఇదే.

5. ఉపనిషత్తులోని తలకిందుల అశ్వత్థం శ్రేణికి ఉదాహరణేనా?

కఠోపనిషత్తు "ఊర్ధ్వమూలోఽవాక్శాఖ ఏషోఽశ్వత్థః సనాతనః" అంటుంది, భగవద్గీత 15వ అధ్యాయం అదే చిత్రంతో మొదలవుతుంది. వేరు పైన, కొమ్మలు కింద ఉన్నా అది చెట్టే, మూలం ఒక్కటే. అయితే గీతలో మరో రెండు శ్లోకాలు దాటేసరికి ఆ చెట్టును అసంగమనే శస్త్రంతో నరకమని చెబుతారు. సంసారాన్ని వర్ణించడానికి గీసిన చెట్టు అది, వస్తువులను వర్గీకరించడానికి గీసినది కాదు. పోర్ఫిరీ వృక్షంతో దీనిని పోల్చడం అందంగా ఉంటుంది కానీ ఎక్కువ దూరం సాగదు.

6. వల వైపు నుంచి ఆలోచించిన తత్వవేత్తలు ఎవరు?

మొదట చెప్పవలసిన పేరు బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు. "అప్రతీత్య సముత్పన్నో ధర్మః కశ్చిన్న విద్యతే" అని మూలమాధ్యమక కారికల 24వ ప్రకరణంలో అన్నాడు. మరొకదానిపై ఆధారపడకుండా పుట్టిన ధర్మం, ఇక్కడ వస్తువు అని అర్థం, ఏదీ లేదని దీని భావం. అన్నింటికీ ఆధారమై, తాను దేనిమీదా ఆధారపడని శిఖరం లేదా పునాది ఒకటి ఉండాలన్న కోరికనే ఆయన ప్రశ్నించాడు. అవతంసక సూత్రాన్ని ఆధారం చేసుకున్న చైనా బౌద్ధులు, ముఖ్యంగా 643–712 మధ్య జీవించిన ఫాచాంగ్, ఇంద్రుని వల అనే చిత్రాన్ని విస్తరించారు. ఆ వలలో ప్రతి ముడి దగ్గరా ఒక మణి ఉంటుంది, ప్రతి మణిలోనూ మిగిలిన మణులన్నీ ప్రతిఫలిస్తాయి. క్షౌరశాలలో ఎదురెదురుగా బిగించిన రెండు అద్దాల మధ్య కూర్చున్నవారికి దీనిలో కొంత భాగం అనుభవంలో ఉంటుంది.

20వ శతాబ్దంలో విట్గెన్‌స్టయిన్, ఆట అనే మాటను పట్టుకుని, ఆటలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక్క లక్షణం ఏదో చూపమని అడిగాడు. చదరంగం, బంతాట, పిల్లలు ఒంటరిగా ఆడుకునే ఆట, వీటన్నింటిలోనూ ఉండే ఒక్క లక్షణం దొరకదు. కుటుంబ సభ్యుల మధ్య పోలికల్లాగా ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి కలుస్తాయి. నూలు బలం మొదటి నుంచి చివరి వరకు సాగిన ఒక్క పోగులో ఉండదు, అనేక పోగులు ఒకదానిమీద ఒకటి మెలిపడటంలో ఉంటుందని ఆయన చెప్పిన పోలికను, ఆదోని పత్తిని చూసిన మనవారికి వేరుగా వివరించనవసరం లేదు. ఇంతకుముందు ఉదయనుడు ఉపాధులని పక్కన పెట్టిన వాటినే విట్గెన్‌స్టయిన్ మధ్యకు తెచ్చి కూర్చోబెట్టాడు.

1951లో క్వైన్ మన నమ్మకాలన్నీ కలిసి ఒక అల్లిక అని, దాని అంచులు మాత్రమే అనుభవాన్ని తాకుతాయని రాశాడు. అనుభవం ఎదురు తిరిగినప్పుడు ఏ పోగునైనా సవరించవచ్చు, తర్కసూత్రాలు కూడా దీనికి మినహాయింపు కావు. అయినా ఆ అల్లికకు నడుమ, అంచు ఉన్నాయి. నడుమ ఉన్నవాటిని మనం చివరివరకూ కదపం. వలలో కూడా బరువు అంతటా సమానంగా ఉండదని దీనివల్ల తెలుస్తుంది. ఈ మాటతో తొమ్మిదవ ప్రశ్నలో మళ్ళీ పని ఉంది.

7. జ్ఞానానికి పునాది ఉండాలా, లేక నమ్మకాలు ఒకదానికొకటి ఆసరా అయితే చాలా?

మన తార్కికులు పెట్టుకున్న దోషాల పేర్లతోనే ఈ ప్రశ్నను చక్కగా చెప్పవచ్చు. ప్రతి నమ్మకానికీ మరొక నమ్మకం ఆధారమైతే వెనక్కి పోతూనే ఉండాలి, అది అనవస్థ. రెండు నమ్మకాలు ఒకదానికొకటి ఆధారమైతే అన్యోన్యాశ్రయం, గుండ్రంగా తిరిగి మొదటికి వస్తే చక్రకం. పునాది వాదులు అనవస్థకు భయపడి, ఆధారం అక్కరలేని కొన్ని నమ్మకాల దగ్గర ఆగుతారు. అక్కడి నుంచి జ్ఞానం గోపురంలా లేస్తుంది. పొందిక వాదులు చక్రం పెద్దదైతే దోషం కాదంటారు. నదిలో తెప్పకు పునాది లేదు, దుంగలు ఒకదానికొకటి కట్టి ఉన్నాయి కాబట్టి తేలుతుంది.

నేను పొందిక వాదానికి దగ్గరగా ఉన్నాను, కానీ అందులోని కష్టాన్ని దాచను. చక్కగా అల్లిన కట్టుకథలో కూడా పొందిక ఉంటుంది. అల్లిక ఎక్కడో ఒకచోట లోకాన్ని తాకకపోతే అది నిజమో కాదో చెప్పలేము. అంచు దగ్గర అనుభవం తగలాలని క్వైన్ అన్నది అందుకే.

8. డెల్యూజ్, గత్తారి చెప్పిన రైజోమ్ అంటే ఏమిటి?

కడప మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములను చూసినవారికి రైజోమ్‌ను కొత్తగా పరిచయం చేయనవసరం లేదు. నేలలో అడ్డంగా పాకే కాండం అది. పసుపు, అల్లం, గరిక అన్నీ అలాగే పెరుగుతాయి. ఎక్కడ విరిచి నాటినా మొలుస్తుంది. పసుపు పంటలో ఏది మొదటి కొమ్మో చెప్పడం కష్టం, చెప్పవలసిన అవసరం కూడా రాదు. ఫ్రెంచి రచయితలు జిల్ డెల్యూజ్, ఫెలిక్స్ గత్తారి 1976లో ఈ పేరుతో ఒక చిన్న పుస్తకం ప్రచురించి, 1980లో దానినే తమ పెద్ద గ్రంథానికి తొలి అధ్యాయంగా చేర్చారు. పాశ్చాత్య ఆలోచనను చెట్టు చాలాకాలంగా ఏలుతున్నదని, ఏ బిందువునైనా మరే బిందువుతోనైనా కలపగల ఆలోచన కావాలని వారి వాదం.

వారి పేరు చెప్పుకుని చెట్టును పూర్తిగా తోసిపుచ్చేవారు ఉన్నారు. మూల రచయితలు అంత దూరం పోలేదు. రైజోమ్‌లో చెట్టు ముడులు ఉంటాయని, చెట్టు వేళ్ళ నుంచి రైజోమ్ చివుళ్ళు వస్తాయని వారే రాశారు.

ఆ మాటకు మన దగ్గరే సాక్ష్యం ఉంది. పాత అనంతపురం జిల్లాలోని కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు 5 ఎకరాల మేర పరుచుకున్న ఆ మర్రిని 1989లో గిన్నిస్ బుక్‌లో నమోదు చేశారు. మర్రి కొమ్మ నుంచి దిగిన ఊడ నేలను తాకి వేరవుతుంది, లావెక్కి మానవుతుంది, దాని నుంచి మళ్ళీ కొమ్మలు వస్తాయి. అక్కడ నిలబడి నేను ముందు నిలబడిన మానును మొదటిది అనుకుని చుట్టూ తిరిగి వచ్చాను, తిరిగి వచ్చేసరికి ఆ నమ్మకం పోయింది. అయినా ఒక్కొక్క కొమ్మను పట్టుకుని చూస్తే అది మామూలు చెట్టే.

9. చెట్టు, వల అనే రెండింటికీ మధ్య మరో రూపం ఉందా?

ఉంది, నా అభిప్రాయంలో లోకవ్యవహారాల్లో చాలా భాగం ఆ మధ్య రూపంలోనే ఉంది. 1965లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్ నగరం చెట్టు కాదు అనే వ్యాసం రాశాడు. చెట్టుగా అమరిన ఏ రెండు సముదాయాలైనా ఒకదానిలో ఒకటి పూర్తిగా ఇమిడి ఉండాలి, లేదా పూర్తిగా విడిగా ఉండాలని ఆయన నిర్వచించాడు. పాక్షికంగా కలిసే సముదాయాలను అనుమతించే నిర్మాణాన్ని అర్ధజాలకం అన్నాడు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బస్సు కోసం నిలుచున్నవారిలో కొందరు టీ తాగుతారు, టీ తాగుతున్నవారిలో కొందరు బస్సు ఎక్కరు. ఆ రెండు గుంపులూ కలిసే చోటే ఊరుకు ప్రాణం. ప్రణాళికలు వేసేవారు ప్రయాణికులకు ఒక చోటు, వ్యాపారానికి మరొక చోటు అని విడదీస్తే ఆ కలయిక పోతుంది.

ఇంత చెప్పాక చదువరికి తట్టే ఉంటుంది: అలెగ్జాండర్ షరతూ, ఉదయనుడు చెప్పిన సంకరం లేకపోవడమనే షరతూ ఒకటే. తొమ్మిది శతాబ్దాలకు పైగా ఎడం ఉన్న ఇద్దరు, ఒకరు జాతుల గురించి, ఒకరు వీధుల గురించి ఆలోచిస్తూ ఒకే గీత దగ్గరికి వచ్చారు. ఒకరు ఆ గీతను కాపాడారు, మరొకరు దాటమన్నారు.

నీటిలో కూడా ఇదే కనిపిస్తుంది. పెన్నా నది పటం చక్కని చెట్టు. చిత్రావతి, కుందేరు, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు కొమ్మల్లా వచ్చి పెన్నలో కలుస్తాయి, ఏ వాగులోని నీటి బొట్టుకైనా దారి ఒక్కటే. తుంగభద్ర కృష్ణలో కలిసే వేరే చెట్టు. 19వ శతాబ్దంలో తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వినప్పుడు ఒక చెట్టు కొమ్మ నుంచి మరొక చెట్టులోకి దారి ఏర్పడింది. ఆ తరువాత శ్రీశైలం నీటిని అనంతపురం వైపు తెచ్చిన హంద్రీ–నీవా మరొక దారి వేసింది. ప్రకృతి చెట్టుగా పెట్టినదాన్ని మనుషులు తమ అవసరం కోసం వలగా మార్చారు. ప్రకృతి అంటే వల, మనిషి బుద్ధి అంటే శ్రేణి అని తేలికగా చెప్పేవారికి ఈ కాలువ నా సమాధానం.

గ్రంథాలయాల్లోనూ ఈ మధ్య రూపం అవసరమైంది. 1876లో వెలువడిన డ్యూయీ దశాంశ పద్ధతిలో ప్రతి పుస్తకానికీ చెట్టులో ఒక కొమ్మ చూపించాలి. రాయలసీమలో వేరుశనగ తెగుళ్ళ చరిత్ర అనే పుస్తకం వస్తే దానిని వ్యవసాయంలో ఉంచాలా, చరిత్రలో ఉంచాలా? 1933లో ఎస్.ఆర్. రంగనాథన్ ద్విబిందు వర్గీకరణను ప్రచురించి, ఒక విషయాన్ని వేరువేరు ముఖాలుగా విడదీసి, ఆ ముఖాలను కలిపి సంఖ్య కట్టే పద్ధతిని చూపించాడు. పంట ఒక ముఖం, తెగులు ఒక ముఖం, ప్రాంతం ఒక ముఖం, కాలం ఒక ముఖం. అరలో పుస్తకం ఒక్కచోటే ఉంటుంది, కానీ దాని సంఖ్యలో దారులన్నీ ఉంటాయి.

10. వల తరహా ఆలోచన ఉన్నచోట సమానత్వం ఉంటుందా?

ఉండనవసరం లేదు. వలలో కొన్ని ముడులకు వేల పోగులు, కొన్నింటికి ఒక్కటే పోగు ఉండవచ్చు. ఆ పెద్ద ముడి తెగితే వల చిరిగిపోతుంది, కాబట్టి దాని దగ్గర ఉన్నవారికి అధికారం ఉంటుంది. ఆ అధికారానికి పేరు, పదవి లేవు కాబట్టి దానిని ప్రశ్నించడం కూడా కష్టం. అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970ల ప్రారంభంలో నాయకులు లేరని చెప్పుకున్న సంఘాల గురించి సరిగ్గా ఇదే రాసింది: నిర్మాణం లేదన్న మాట చాటున స్నేహబృందాల పెత్తనం సాగుతుంది. ఎర్రగుడి శిలాశాసనంలో అశోకుడి ఆజ్ఞ రజ్జుకుడనే అధికారికి, అతని ద్వారా జనపదంలోని ప్రజలకు చేరాలని రాసి ఉంది. ఆ వరుసలో ఎవరు ఎవరికి జవాబుదారీయో చదివినవారికి తెలుస్తుంది. వలలో ఆ స్పష్టత దానంతట అదే రాదు, అడిగి తెచ్చుకోవాలి.

11. శ్రేణీబద్ధంగా ఆలోచించడమంటే కులవ్యవస్థను సమర్థించడమేనా?

కాదు, కానీ ఈ అనుమానం నిరాధారమైనది కూడా కాదు. పృథివీత్వం కన్నా ద్రవ్యత్వం పరం అన్నప్పుడు అది ఎక్కువ వాటిలో ఉంటుందని మాత్రమే అర్థం, ఎక్కువ గొప్పదని కాదు. వ్యాప్తిలో పైచేయిని విలువలో పైచేయిగా మార్చుకోవడం ఒక దూకుడు, ఆ దూకుడుకు తర్కంలో ఆధారం లేదు. అంబేద్కర్ కులాన్ని శ్రేణీకృత అసమానత అని పిలిచి, అందులో ప్రతి మెట్టూ కింది మెట్టును చులకన చేస్తూ పై మెట్టును గౌరవించేలా అమర్చి ఉండటమే దాని బలమని చూపించారు. అక్కడ మెట్లు మనుషుల విలువను కొలిచే మెట్లు.

ఒక మాట మాత్రం నన్ను చాలాకాలంగా వదలడం లేదు. తర్కంలో జాతికి బాధకం సంకరం. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు భయపడిన దోషం వర్ణసంకరం. ఒకటి మరొకదానికి కారణమని నేను అనడం లేదు. గీతలు కలవడాన్ని దోషంగా చూసే కన్ను రెండు చోట్లా ఒకే మాటను వాడుకుంది, ఆ మాట వాడేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి.

కడప జిల్లా కందిమల్లయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి ముఖ్యశిష్యుడు దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్ధయ్య. గురుశిష్య సంబంధం కూడా శ్రేణియే. ఆ శ్రేణి కులమతాల శ్రేణిని అడ్డంగా కోసింది. శ్రేణిని ఎదిరించేది ఎప్పుడూ వలే కానక్కరలేదు, మరొక శ్రేణి కూడా కావచ్చు.

12. ఇంతకీ శ్రేణి వల్ల మేలు ఏమిటి?

హెర్బర్ట్ సైమన్ 1962లో ఒక కథ చెప్పాడు. హోరా, టెంపస్ అనే ఇద్దరు గడియారాలు చేస్తారు, ఒక్కొక్క గడియారంలో 1000 భాగాలు. టెంపస్ అన్నింటినీ ఒకే వరుసలో బిగిస్తాడు, మధ్యలో ఎవరైనా పిలిస్తే చేతిలోనిది విడిపోయి మొదటికి వస్తుంది. హోరా పదేసి భాగాలతో చిన్న ముక్కలు చేసి, వాటిని పదేసి కలుపుతాడు, ఆటంకం వచ్చినా పోయేది చిన్న ముక్కే. క్లిష్టమైనవి నిలబడాలంటే లోపల గట్టిగా, బయట వదులుగా కట్టిన మెట్లు కావాలని ఆయన సారాంశం. పొడవైన అధ్యాయాలున్న శాస్త్రగ్రంథం చదివేవారికి ఇది రోజూ అనుభవమే.

13. నా విషయానికి ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. అనంతపురంలో ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వేరుశనగ పంట ఎందుకు పోయింది అని అడిగితే మొదటి సమాధానం నిలువు గీత: వాన లేదు, తేమ లేదు, ఊడ దిగలేదు, కాయ లేదు. మొక్క వరకు ఈ గీత నిజం, దానికి వల అక్కరలేదు. రైతు ఎందుకు నష్టపోయాడు అని అడిగితే గీత చాలదు. అప్పు వల్ల బోరు వేశాడు, బోరు వల్ల అప్పు పెరిగింది, పక్క బోర్ల వల్ల నీరు దిగిపోయింది, అప్పు తీర్చడానికి మళ్ళీ అదే పంట వేశాడు. ఇక్కడ కారణం తిరిగి కార్యంగా వస్తున్నది, అన్యోన్యాశ్రయం ఇక్కడ తర్కదోషం కాదు, రైతు బతుకు. మీ విషయంలోని ఒక అంశం పేరును పటంలో రెండు చోట్ల రాయవలసి వచ్చినా, ఒక కార్యం తన కారణాన్నే మార్చుతున్నా, చెట్టును వదిలి వల గీయండి. అవి రెండూ లేనప్పుడు చెట్టే తేటగా ఉంటుంది.

14. ఈ రెండింటికీ తెలుగులో ఏ మాటలు వాడాలి?

శ్రేణి, అంతస్తు, మెట్టు ఒక వైపు, వల, అల్లిక, జాలకం మరొక వైపు వాడుకోవచ్చు. నెట్‌వర్క్ అనే మాట అందరికీ అర్థమవుతుంది కాబట్టి దానితోనూ ఇబ్బంది లేదు. వరుస అనే మాటను మాత్రం జాగ్రత్తగా వాడాలి. వరుసలో నిలబడమన్నప్పుడు అది ఒకరి వెనుక ఒకరు ఉండే గీత. ఆయన మీకు ఏ వరుస అవుతారని అడిగినప్పుడు అదే మాట చుట్టరికాల అల్లికలోని ఒక పోగు. రెండవ ప్రశ్నలోని పిల్లలు అమ్మమ్మను ఏ వరుసతో పిలవాలో ఇంట్లోవాళ్లు నిర్ణయించే ఉంటారు. నేను చూసిన ఇళ్లలో అమ్మమ్మ అనే పిలుస్తున్నారు, మేనత్త పెట్టవలసిన సారె మాత్రం ఆమే పెడుతున్నది.